రెండు బి.పి.లు

గత సంచికలో విద్యుత్ యంత్రాలకు ఎర్తింగు ఎంత అవసరమో ముచ్చటించుకున్నాము. ఈ మాసం యంత్రాలను కాసేపు పక్కనబెట్టి మానవ శరీరాన్ని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచాను. నేను వైద్యుణ్ణి కాను, ఇంజనీరును. అయితే ఒక ఇంజనీరు కళ్ళెదుటే ఒక పైపు మడతబడి, ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఆ ఇంజనీరు ఆ పైపు వంకైనా చూడలేదు. ఆ పొరపాటును తోటి ఉద్యోగులతోనూ, వారి కుటుంబాలతోనూ పంచుకోవడం నా విధి అని భావిస్తున్నాను.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ మన తెలుగువారికి కొత్త ఊరు కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు అక్కడి వర్క్‌షాపులోనూ, లైను మీదా పని చేస్తూ తరతరాలుగా స్థిరపడిపోయారు. మా తండ్రిగారు కూడా ఆ వర్క్‌షాపులోనే ఉద్యోగం చేశారు. మా అన్నగారి కుటుంబం ఇప్పటికీ ఆ ఊరిలోని తాల్‌బగీచాలో నివసిస్తున్నది. తాల్ అంటే తాటిచెట్టు, బగీచా అంటే తోట. ఏటా దసరా సెలవులకు హౌరా మెయిలెక్కి అక్కడికి వెళ్ళడం నాకు అలవాటు.

అన్నగారింటి పక్కనే ఒక శ్రీకాకుళం కుటుంబం ఉన్నది. ఇంటి యజమాని రిటైరైన ఫిట్టరు. ఆయనను బావగారనీ, ఆయన భార్యను అక్క అనీ చిన్ననాటి నుండి పిలుచుకుంటున్నాము. వారికి ఒక్కడే కొడుకు. పంతొమ్మిదేళ్ళ వయసులో, ఒక వేసవి మధ్యాహ్నం, మిత్రులతో కలిసి చెరువు గట్టు మీద నుండి తలకిందులుగా నీటిలోకి దూకాడు. ఎండలకు నీరు తగ్గి ఉన్నదన్న సంగతి గమనించలేదు. తల అడుగున తగిలి మెడ విరిగింది. ఆరవ మెడపూస వద్ద వెన్నుపాము దెబ్బతిన్నదని వైద్యులు తేల్చారు. భుజాలు కదులుతాయి, మోచేతులు వంగుతాయి. వేళ్ళలో పట్టు లేదు. రొమ్ము నుండి కిందికి స్పర్శ లేదు. మూత్రం గొట్టం ద్వారా సంచిలోకి పోతుంది.

ఆ కుర్రవాడికి ఇప్పుడు నలభై దాటాయి. చక్రాల కుర్చీలో కూర్చుని, అరచేతికి పట్టీతో కట్టుకున్న సుద్దముక్కతో తెలుగు, బెంగాలీ, హిందీ పిల్లలందరికీ లెక్కలు చెబుతాడు. సాయంత్రమయ్యేసరికి వారి వరండా అంతా చెప్పులే!

ఆ సాయంత్రం జరిగినది

కొన్నేళ్ళ క్రిందట, దుర్గాష్టమినాటి సాయంత్రం. వీధి చివర పందిరిలో ఢాక్‌లు మోగుతున్నాయి. నేను వరండాలో అతనితో మాట్లాడుతూ కూర్చున్నాను. ఉన్నట్టుండి మాట ఆపి, "మావయ్యా, తల పగిలిపోతోంది" అన్నాడు. చూస్తూండగానే ముఖం కందగడ్డలా ఎర్రబడింది. నుదుటి మీద, మెడ మీద చెమట ధారలు కట్టింది. ముక్కులు బిగుసుకుపోయి నోటితో గాలి పీల్చసాగాడు. కాళ్ళు పట్టుకు చూస్తే చల్లగా, పాలిపోయి, రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

అన్నగారింటి నుండి బి.పి. యంత్రం తెప్పించి కట్టాను. పై అంకె 186 చూపింది. నాకు తెలిసిన వైద్యమంతా ఒక్కటే: బి.పి. పెరిగిన మనిషిని కదలకుండా పడుకోబెట్టాలి. బావగారూ నేనూ కలిసి అతణ్ణి ఎత్తి మంచం మీద పడుకోబెట్టాము. కుర్చీకి వేలాడుతున్న మూత్రపు సంచిని కూడా జాగ్రత్తగా తీసి, అతని పక్కనే మంచం మీద ఉంచాను. మరల చూస్తే పై అంకె 204!

అంతలో పందిరి నుండి అక్క తిరిగి వచ్చింది. గడపలోంచే పరిస్థితి గ్రహించి కేక వేసింది. "తమ్ముడూ, పడుకోబెట్టకండి! కూర్చోబెట్టండి ముందు!"

మేము అతణ్ణి లేపి కూర్చోబెట్టి, కాళ్ళు మంచం మీద నుండి కిందికి వేలాడదీశాము. ఆమె కొడుకు ముఖం వంక చూడలేదు. సంచి వంక చూసింది. మధ్యాహ్నం ఖాళీ చేసిన సంచి, సాయంత్రమైనా ఖాళీగానే ఉన్నది. గొట్టం వెంట చెయ్యి పోనిచ్చింది. తొడ కింద నలిగి, రెండుగా మడతపడి ఉన్నది. దానిని సరిచేసి, సంచిని నేల దగ్గరికి దించింది. అర లీటరుకు పైగా మూత్రం దిగింది. పది నిమిషాలలో పై అంకె 130కి వచ్చింది. మరి కొంతసేపటికి 100కు చేరింది. అతని మామూలు బి.పి. అదే.

నీరు పల్లమెరుగు అన్న సామెత చిన్నపిల్లలకు కూడా తెలుసు. ముప్పై ఏళ్ళు పైపులతో, పంపులతో కాలం గడిపిన నేను ఆ సంచిని ఎత్తున పెట్టాను. కూర్చోబెట్టవలసిన మనిషిని పడుకోబెట్టాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బ్రేకు పైపు చెప్పిన పాఠం

మరునాడు నా చిన్ననాటి మిత్రుడొకడు వచ్చాడు. గూడ్సు బళ్ళ మీద గార్డుగా పనిచేస్తున్నాడు. 2022 నుండి గార్డును ట్రైన్ మేనేజర్ అంటున్నారు. జరిగినదంతా చెప్పి, "బి.పి. అంత పెరిగిపోయిందిరా" అన్నాను. "మాకు బి.పి. ఐదు కిలోలు ఉంటే చాలురా" అని నవ్వాడు. రైల్వేవారి భాషలో బి.పి. అంటే బ్రేకు పైపు. అతని హాస్యంలోనే నాకు సమాధానం దొరికింది.

రైలు బండి పొడవునా ఒక గాలి గొట్టం ఉంటుంది. అందులో పీడనం చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు ఉన్నంతకాలం బ్రేకులు వదిలి ఉంటాయి. డ్రైవరు ఆ పీడనాన్ని తగ్గిస్తే, ఆ తగ్గుదల గొట్టం వెంట చివరి పెట్టె దాకా పాకి, అన్ని పెట్టెల బ్రేకులూ పట్టుకుంటాయి. రెండు పెట్టెల మధ్య యాంగిల్ కాక్ అనే కవాటం మూసుకుపోయినదనుకోండి. డ్రైవరు ఆజ్ఞ ముందు పెట్టెలకే అందుతుంది. వెనుక పెట్టెలకు అటువంటి ఆజ్ఞ ఒకటి వచ్చిందనే తెలియదు. అందుకే బయలుదేరేముందు, ఇంజనులో పీడనం తగ్గిస్తే చివరి పెట్టెలోని మీటరులో కూడా తగ్గుతున్నదా లేదా అని పరీక్షిస్తారు.

వెన్నుపాము కూడా అటువంటి గొట్టమే. రక్తనాళాలు ఎంత బిగియాలో, ఎంత సడలాలో మెదడు ఇచ్చే ఆజ్ఞలు వెన్నుపాము ద్వారానే కిందికి దిగుతాయి. పొట్టలోని పేగులకు, కాలేయానికి సంబంధించిన రక్తనాళాలు చాలా విశాలమైనవి. శరీరంలోని రక్తంలో పెద్ద భాగాన్ని అవి తమలో ఇముడ్చుకోగలవు. వాటిని అదుపుచేసే నాడులు ఇంచుమించు రొమ్ము భాగపు ఆరవ పూస నుండి నడుము భాగపు రెండవ పూస వరకు గల మేరలో వెన్నుపాము నుండి వెలువడతాయి. కనుక దెబ్బ ఆరవ రొమ్ముపూస వద్దగానీ, అంతకు పైనగానీ తగిలితే ఆ విశాలమైన నాళాలు మెదడు అదుపు తప్పుతాయి. దెబ్బ బాగా కింద తగిలినవారికి ఈ ప్రమాదం అరుదు.

ఇక మూత్రాశయం నిండి ఉబ్బినదనుకుందాము. మనకైతే తెలుస్తుంది, లేచి వెళతాము. అతనికి తెలియదు. కానీ ఆ వార్త నాడుల ద్వారా వెన్నుపాము కింది భాగానికి చేరుతుంది. అక్కడి నుండి పైకి పోయే దారి లేదు. వెన్నుపాము తనంత తానే ప్రతిక్రియ చేసి, కింది రక్తనాళాలన్నింటినీ ఒక్కసారి బిగించివేస్తుంది. అక్కడి రక్తమంతా పైకి తోసుకువచ్చి రక్తపోటు ఎగసిపోతుంది. రైలు ఉపమానం ఇక్కడితో ఆగుతుంది. బండిలో వెనుక పెట్టెలు ఆజ్ఞ వినక ఊరుకుంటాయి, శరీరంలో అవి తమంత తాము అలజడి లేవదీస్తాయి.

మెడలోని రక్తనాళాలలో పీడనాన్ని కొలిచే సూక్ష్మమైన ఏర్పాట్లు ఉన్నాయి. అవి మెదడును హెచ్చరిస్తాయి. మెదడు రెండు ఆజ్ఞలు జారీ చేస్తుంది. మొదటిది గుండెకు, నెమ్మదించమని. ఈ ఆజ్ఞ వేగస్ నాడి ద్వారా పోతుంది. ఆ నాడి వెన్నుపాములో నుండి పోదు కనుక ఆజ్ఞ అందుతుంది, నాడి వేగం తరచు తగ్గుతుంది. రెండవది రక్తనాళాలకు, సడలమని. ఇది దెబ్బ తగిలిన చోటి వరకే పోయి ఆగిపోతుంది. దానికి పైనున్న నాళాలు సడలి ముఖం ఎర్రబడుతుంది, చెమట పడుతుంది, ముక్కు బిగుస్తుంది. కింది భాగం మాత్రం పాలిపోయి చల్లగానే ఉంటుంది. ఆ సాయంత్రం నేను చూచిన ప్రతి లక్షణానికీ కారణం ఇదే.

వైద్యులు దీనిని అటనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. సకాలంలో కారణాన్ని తొలగించకపోతే మెదడులో రక్తస్రావం, మూర్ఛలు, కంటిలో రక్తస్రావం, గుండె లయ తప్పడం, మరణం కూడా సంభవించవచ్చు.

తక్కువ బి.పి., ఎక్కువ బి.పి.

ఇక్కడ ఒక చిక్కున్నది. మెడ వద్ద దెబ్బ తిన్నవారికి మామూలు రోజులలో రక్తపోటు తక్కువగానే ఉంటుంది. పై అంకె 90 నుండి 110 వరకు ఉండడం సాధారణం. మంచం మీద నుండి హఠాత్తుగా కూర్చోబెడితే అది ఇంకా పడిపోయి కళ్ళు తిరుగుతాయి. అటువంటప్పుడు పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టాలి. హఠాత్తుగా పెరిగినప్పుడు కూర్చోబెట్టి కాళ్ళు దించాలి. ఒకే మనిషికి రెండు బి.పి.లు, రెండింటికీ పూర్తిగా భిన్నమైన సేవ. ఏది ఎప్పుడో తెలియనివారు నావలె తారుమారు చేస్తారు.

మామూలుగా 95 ఉండే మనిషికి 140 వచ్చినదనుకోండి. మనబోటివారికి 140 పెద్ద అంకె కాదు. అతనికి 45 పెరిగినట్లు! పెద్దవారిలో మామూలు కంటే పై అంకె 20 మిల్లీమీటర్లకు మించి హఠాత్తుగా పెరిగితేనే అనుమానించాలని వైద్యశాస్త్రం చెబుతున్నది. మా మేనల్లుడికి పూర్వమొకసారి తలనొప్పి వస్తే, ఒక వైద్యశాలలో 150 చూసి, "కొంచెం ఎక్కువున్నది" అని రోజూ వేసుకోవడానికి బి.పి. మాత్రలు వ్రాసి పంపారట. తలనొప్పికి మూలమేమిటో ఎవరూ వెదకలేదు. మాత్రలు వేసుకున్న వారం రోజులూ కుర్చీలో కూర్చోబెట్టగానే సొమ్మసిల్లిపోయేవాడు. ఆ వైద్యులను నేను తప్పు పట్టను. మరి నేను చేసిందేమిటి?

ఈ విజ్ఞానం ఎలా వచ్చింది?

వెన్నుపాము దెబ్బతిన్నవారిలో ఈ వింత చెమటలను, మూత్రాశయంతో వాటికి గల సంబంధాన్ని మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులలో గమనించి, హెడ్, రిడాక్ అనే ఆంగ్ల వైద్యులు 1917లో వివరించారు. ఆ రోజులలో ఇటువంటి రోగులలో అధికులు పుండ్లతోనూ, మూత్ర వ్యాధులతోనూ కొద్ది కాలానికే కన్నుమూసేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ వెన్నుపాము రోగుల విభాగాన్ని ప్రారంభించి ఆ పరిస్థితిని మార్చివేశారు. 1947లో ఆయన విటరిడ్జ్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి, మూత్రాశయం ఉబ్బితే రక్తపోటు ఎలా ఎగసిపోతుందో కొలిచి ప్రకటించారు. 1948లో ఆయన తన రోగులకు ఏర్పాటు చేసిన క్రీడలే క్రమేణా పారాలింపిక్ క్రీడలైనాయి.

మన దేశంలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని, చక్రాల కుర్చీలో కూర్చుని శస్త్రచికిత్సలు చేశారు. తరువాత ఇటువంటి రోగుల పునరావాసానికి అక్కడ పునాది వేశారు. 1965 మే నెలలో ఎవరెస్టు అధిరోహించిన మేజర్ అహ్లువాలియా, ఆ సంవత్సరమే యుద్ధంలో తూటా దెబ్బకు కుర్చీకి పరిమితమైనారు. స్టోక్ మాండెవిల్‌లో చికిత్స పొంది వచ్చి, ఢిల్లీలో వెన్నుపాము రోగులకు ప్రత్యేకమైన వైద్యశాలను నెలకొల్పారు.

చేయవలసినవి

ఇటువంటివారు మీ ఇంటగానీ, మీ వీధిలోగానీ ఉంటే ఈ క్రింది విషయాలు గుర్తుంచుకోగలరు.

1. హఠాత్తుగా తలనొప్పి, ముఖం ఎర్రబడడం, చెమట కనిపిస్తే వెంటనే నిటారుగా కూర్చోబెట్టండి. కాళ్ళు కిందికి దించండి. పడుకోబెట్టవద్దు.

2. బెల్టు, పొట్ట పట్టీ, బూట్లు, మేజోళ్ళు, సంచిని కాలికి కట్టే పట్టీలు, బిగుతైన దుస్తులు వదులు చేయండి.

3. రక్తపోటును 2 నుండి 5 నిమిషాలకు ఒకసారి చూస్తూ ఉండండి.

4. మొదట మూత్రాశయం సంగతి చూడండి. పది కేసులలో అధిక భాగానికి కారణం అదే. గొట్టం మడతపడినదా, సంచి నిండినదా, సంచి మూత్రాశయం కంటే కిందనున్నదా? పొట్ట మీద నొక్కవద్దు, అందువలన రక్తపోటు ఇంకా పెరుగుతుంది. గొట్టం పూడుకుపోతే దానిని మార్చడం తెలిసినవారే మార్చాలి. గొట్టం లేనివారికి కూడా శిక్షణ గలవారు గొట్టం వేసి మూత్రం తీయాలి.

5. అది కాకుంటే మలబద్ధకం కావచ్చు. ఇక్కడ కూడా మత్తు జెల్లీ రాసి, కొన్ని నిమిషాలు ఆగి, నెమ్మదిగా చేయవలసిన పని. తొందర పనికిరాదు.

6. అప్పటికీ తగ్గకపోతే తల నుండి పాదం వరకు వెదకండి. పడక పుండు, కాలిన గాయం, మాంసంలోకి పెరిగిన గోరు, తెలియకుండా విరిగిన ఎముక, కుర్చీలో కూర్చున్నచోట నలిగిన బొత్తాము, ఏదైనా కారణం కావచ్చు. స్త్రీలకు కాన్పు నొప్పులు కూడా ఇదే విధంగా వ్యక్తం కావచ్చు.

7. కారణం దొరకకపోయినా, పై అంకె 150కి చేరినా ఆసుపత్రికి తరలించండి. దారిలో కూడా కూర్చోబెట్టే తీసుకువెళ్ళండి. రక్తపోటును త్వరగా దించే మందులు వైద్యులు ఇస్తారు. సిల్డెనాఫిల్ వంటి మందులు ఒకటి రెండు రోజులలో వాడి ఉంటే సిగ్గుపడక చెప్పాలి. దానితో కొన్ని బి.పి. మందులు కలిస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది.

8. తగ్గిన తరువాత కూడా కనీసం 2 గంటల పాటు గమనిస్తూ ఉండాలి.

మన కర్మాగారంలో ఎత్తుల మీద పనిచేసేవారు అనేకులు. పైనుండి పడినవారిని చంకలు, కాళ్ళు పట్టుకుని ఎత్తవద్దు. మెడ కదలకుండా, పలక మీద నలుగురూ ఒక్కసారిగా కదపాలి. ప్రమాదం జరిగిన తొలి రోజులలో సాధారణంగా రక్తపోటు పడిపోతుంది. ఈ వ్యాసంలో చెప్పిన పెరుగుదల ఎక్కువగా వారాలు, నెలలు గడిచిన పిమ్మట, రోగి ఇంటికి చేరిన తరువాత మొదలవుతుంది. అంటే దానిని ముందుగా చూసేది వైద్యుడు కాదు, తల్లీ, భార్యా, పిల్లలూ. ఈ శీర్షికలో దీనిని వ్రాయడానికి కారణం అదే.

చివరగా ఒక్క మాట. ఆ దసరా సెలవులు ముగిసి నేను బయలుదేరుతుంటే అక్క గుమ్మం దాకా వచ్చింది. "నాకు డెబ్బై దగ్గర పడుతున్నాయి తమ్ముడూ. నేను లేని రోజున ఈ పైపు ఎవరు చూస్తారు?" అన్నది. నా వద్ద జవాబు లేదు.

జవాబు మా మేనల్లుడే వెదకుకున్నాడు. మరుసటి ఏడు నేను వెళ్ళేసరికి అతని కుర్చీ వెనుక ఒక అట్ట వేలాడుతున్నది. "నా మామూలు బి.పి. 100. తలనొప్పి, చెమట వస్తే నన్ను కూర్చోబెట్టండి. పైపు చూడండి" అని తెలుగు, బెంగాలీ, హిందీ భాషలలో పిల్లల చేతివ్రాత. సాయంత్రం పాఠం మొదలయ్యేముందు, వంతుల ప్రకారం ఒక విద్యార్థి వచ్చి గొట్టం వెంట చెయ్యి పోనిచ్చి, సంచి చూసి, "సరిగా ఉంది సార్" అంటున్నాడు. ఆ తరువాతనే లెక్కలు మొదలు.

నా గార్డు మిత్రుడు చివరి పెట్టెలో నిలబడి చేసే పరీక్ష కూడా అదే. మీకు తెలిసిన ఇళ్ళలో ఇటువంటివారుంటే ఈ పుట చించి వారికివ్వండి. ఆ ఇంట అటువంటి అట్ట ఒకటి వ్రాసి పెట్టండి.

వచ్చే సంచికలో బాయిలరు భద్రతా కవాటాలను గూర్చి ముచ్చటించుకుందాము. అందాకా సెలవు.